గాజువాకలో స్నేహితురాలి పెళ్లి: బుధవారమే దిగండి

మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాన్నగారు 2013లో స్టీల్ ప్లాంటులో రిటైరయ్యాక ఉక్కునగరంలో క్వార్టర్ ఖాళీ చేసి వచ్చేశారు. అప్పట్నుంచి మీరు వైజాగ్ వెళ్లలేదు. ఇప్పుడు మీతోపాటు పదో తరగతి దాకా చదివిన అమ్మాయి పెళ్లి, గాజువాకలో. శుభలేఖ మీద ముహూర్తం శుక్రవారం రాత్రి 2 గంటల 10 నిమిషాలకు. పెళ్లికొడుకు వాళ్లది విజయనగరం. మీరు శుక్రవారం సాయంత్రం దిగి సోమవారం దాకా ఉండి, పెళ్లి హడావుడి తగ్గాక ఆ అమ్మాయితో కలిసి ఊరంతా తిరగాలనుకుంటున్నారు. ఎక్కడ ఉండాలి, ఏమివ్వాలి, ఏమేం చూడాలి అని అడిగారు. చివర్లో "ఇల్లే లేని ఊరికి వెళ్లి పరాయిదానిలా నిలబడతానేమో" అన్నారు. నాకు అసలు ప్రశ్న అదే అనిపించింది.

నేనూ క్వార్టర్ పిల్లనే. సెక్టార్ సిక్స్. పెళ్లయ్యాక పూణే వచ్చేశాను, నాన్న రిటైరై రాజమండ్రి వెళ్లిపోయారు. ఆ తర్వాత ఇప్పటికి తొమ్మిది పెళ్లిళ్లకు వైజాగ్ వెళ్లొచ్చాను. మొదటి మూడింటికీ మీరు అనుకుంటున్న పద్ధతిలోనే వెళ్లి, ప్రతిసారీ ఏదో పోగొట్టుకున్నట్టు తిరిగొచ్చాను. అందుకే గట్టిగా చెబుతున్నాను. సెలవు ఆ నాలుగు రోజులే ఉంచుకోండి, ముందుకు జరపండి. బుధవారం పొద్దున్న దిగండి, శనివారం రాత్రి బయల్దేరండి.

పెళ్లయ్యాక పెళ్లికూతురు మీకు దొరకదు. శనివారం పొద్దున్న అప్పగింతలవుతాయి, కారెక్కి విజయనగరం వెళ్లిపోతుంది. అక్కడ గృహప్రవేశం, సత్యనారాయణ వ్రతం, అత్తవారి తరఫు చుట్టాలు. ఆ ఆదివారం మీరు ఫోన్ చేస్తే రెండు నిమిషాలు మాట్లాడుతుంది, అది కూడా ఎవరో పక్కనుండగా. ఇటు పుట్టింట్లో అలిసిపోయి పడుకున్నవాళ్లు, వంటపాత్రలు లెక్కపెట్టి పంపేవాళ్లు, టెంట్ హౌస్ వాళ్లకు డబ్బులిచ్చేవాళ్లు. ఆ ఇంట్లో మీరు చేయడానికి ఏమీ ఉండదు. బీచ్‌లో ఒక్కరే కూర్చుంటే ఊరు పరాయిదే అనిపిస్తుంది. ఆ ఆదివారాన్ని నేను మూడుసార్లు చూశాను.

ముందు రెండు రోజులు అలా ఉండవు. ప్రతి చేతికీ పని ఉంటుంది, వచ్చినవాళ్లను వచ్చినట్టే పనిలో పెట్టేస్తారు.

ముహూర్తం తేదీ సంగతి ముందే చెప్పేస్తాను, ఇందులో చాలామంది దెబ్బతింటారు. మన లెక్కలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. రైల్వేకీ విమానాలకూ అర్ధరాత్రితో మొదలవుతుంది. "శుక్రవారం రాత్రి 2-10, తెల్లవారితే శనివారం" అంటే టికెట్ లెక్కలో అది శనివారం. నేను వెళ్లిన రెండో పెళ్లికి కార్డులో "తెల్లవారితే శుక్రవారం" అన్న మాట ఒక్కటి గుర్తుపెట్టుకుని, శుక్రవారం సాయంత్రానికి చేరేలా రైలెక్కాను. నేను ఆటో దిగేసరికి పందిరి విప్పుతున్నారు. అప్పగింతలు పొద్దున్నే అయిపోయాయి. ఆ పిల్ల అత్తవారింటినుంచి ఫోన్ చేసి "నీకోసం చూస్తూనే ఉన్నానే" అంది. పద్నాలుగేళ్లయింది, ఇంకా మనసులో ఉంది. కార్డు ఫొటో ఎదురుగా పెట్టుకుని, పెళ్లివాళ్లకు ఫోన్ చేసి, ఇంగ్లీషు తేదీ చెప్పించుకుని అప్పుడు టికెట్ కొనండి.

రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు, 2024 నవంబరుకు ముందు 120 రోజులుండేది. మంచి ముహూర్తానికి ఒక్క పెళ్లి ఉండదు, ఊళ్లో ప్రతి కళ్యాణమండపంలోనూ ఉంటుంది. అందుకే తెరిచిన రోజే కొనండి. ఇంకో సంగతి. విశాఖపట్నం స్టేషన్లో విజయవాడ వైపునుంచి హౌరా వైపు పోయే రైలుకు ఇంజను అటునుంచి ఇటు మార్చాలి. ఆ పని తప్పించుకోవడానికి కొన్ని రైళ్లు ఊళ్లోకి రాకుండా దువ్వాడ మీదుగానే పోతాయి. మామూలుగా ఇది ఇబ్బందే, మీకు మాత్రం అదృష్టం. గాజువాకకు దువ్వాడే దగ్గర. విశాఖలో ఆగే రైలు దొరికినా, అది దువ్వాడలో ఆగుతుందేమో చూసి అక్కడే దిగండి. బస్సయితే ఊళ్లోకి వస్తుందా, అనకాపల్లినుంచి పెందుర్తి, ఆనందపురం బైపాస్ మీదుగా పోతుందా అని అడగండి. విమానమైతే ఏ విమానాశ్రయంలో దిగుతుందో టికెట్ మీద చూసుకోండి. భోగాపురం విమానాశ్రయమైతే వైజాగ్‌కు నలభై కిలోమీటర్లకు పైనే, గాజువాకకు ఇంకా దూరం.

బస గాజువాకలోనే చూసుకోండి. సముద్రం కనిపించే గది కావాలని ఉంటుంది, నాకూ ఉండేది. బీచ్ రోడ్డునుంచి గాజువాక వచ్చి వెళ్లడానికే పూట గడిచిపోతుంది, పైగా ముహూర్తం రాత్రి రెండింటికి. చీర మార్చుకోవడానికి పది నిమిషాల్లో చేరే గది ఉండాలి. డబ్బు కట్టి రసీదు తీసుకోండి, బయల్దేరే ముందు రోజు మళ్లీ ఫోన్ చేయండి. ముహూర్తాల రోజుల్లో నా గది ఒకసారి పెళ్లివారికిచ్చేశారు, నేను సామానుతో వరండాలో నిలబడ్డాను. ఇక బుధ, గురువారాల్లో పెళ్లివారింట్లో "ఇక్కడే పడుకో" అంటే మొహమాటపడకుండా పడుకోండి. చాప మీద పదిమంది మధ్య పడుకుని అర్ధరాత్రి దాకా చెప్పుకునే కబుర్లకోసమే కదా మీరు అంత దూరంనుంచి వస్తున్నది.

ఇప్పుడు "ఏమేం చూడాలి" అన్నదానికి వస్తాను. ఊరు చూడటానికి విడిగా టైం పెట్టుకోకండి. పెళ్లి పనుల మీద తిరగండి, ఊరు తనంతట తను కనిపిస్తుంది.

2015 మే నెల మొదట్లో మా స్నేహితురాలి పెళ్లికి మొదటిసారి రెండు రోజుల ముందు వెళ్లాను. వాళ్లదీ మీ స్నేహితురాలి ఇంటిలాగే నిర్వాసిత కుటుంబం. మనలాంటి క్వార్టర్ పిల్లలకు ఈ తేడా చిన్నప్పుడు తెలియదు. 1966లో ఉక్కు కోసం ఉద్యమం జరిగింది, 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు, ఆ కర్మాగారం కోసం 64 ఊళ్లు లేచిపోయాయి. ఆ ఊళ్లవాళ్లు గాజువాక చుట్టూ కాలనీల్లో స్థిరపడ్డారు. మనం ఉద్యోగాలకోసం వచ్చినవాళ్ల పిల్లలం, రిటైర్మెంటుతో వెళ్లిపోయాం. వాళ్లు ఊరు పోయాక కూడా ఇక్కడే ఉన్నారు. ఆ సంగతి నాకు అర్థమైంది ఆ పెళ్లిలోనే, ముప్పై ఏళ్లు దాటాక.

నేను గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే వాళ్లమ్మ చూసి "ఒలమ్మా, సెక్టార్ సిక్స్ గుంట వొచ్చీసింది" అని లోపలికి కేకేసింది. ఆవిడకు నా పేరు ఎప్పుడూ గుర్తుండేది కాదు. మమ్మల్నందరినీ సెక్టార్ నంబర్లతోనే పిలిచేది. "బేగి కాళ్లు కడుక్కో, పూలకెల్లాల" అని చేతిలో సంచీ పెట్టింది. మంచినీళ్లు తాగడానికి కూడా వ్యవధి ఇవ్వలేదు. ఆ సంచీ పట్టుకున్నాక "నేను పరాయిదాన్నా" అన్న అనుమానం మళ్లీ రాలేదు.

గాజువాకనుంచి మల్కాపురం, సింధియా మీదుగా వన్‌టౌన్ వెళ్లాం. రిఫైనరీ వాసన, నేవీ గోడలు, షిప్‌యార్డు క్రేన్లు, కాన్వెంట్ జంక్షన్ దగ్గర పోర్టు లారీలు. ఈ దారి ఏ పర్యాటకుడూ చూడడు. నా చిన్నతనంలో నాన్న స్కూటర్ మీద ముందు నిలబడి చూసిన వైజాగ్ ఇదే. పూర్ణా మార్కెట్లో మల్లెలు, కనకాంబరాలు బేరమాడి, అరటాకులకు బయానా ఇచ్చి, కురుపాం మార్కెట్లో వెండి మట్టెలు తీసుకున్నాం. అక్కణ్నుంచి బురుజుపేట. కనకమహాలక్ష్మి అమ్మవారి గుడికి మీరు చిన్నప్పుడు వెళ్లే ఉంటారు. అమ్మవారికి పైకప్పు లేదు, ఎండకూ వానకూ అలానే ఉంటుంది, భక్తులే స్వయంగా పసుపు కుంకుమలతో పూజ చేసుకుంటారు. మొదటి శుభలేఖ ఎప్పుడో అక్కడ పెట్టేశారు, మేం వెళ్లింది పసుపు కోసం. వాళ్లమ్మ అమ్మవారి పాదాల దగ్గర పసుపు తీసి కొంగున ముడేసుకుని "నువ్వూ తీసుకోయే, నీకూ ఇదే ఊరు" అంది. నేను అక్కడే ఏడ్చేశాను.

మీ విషయంలోనూ ఇలాంటి పనులుంటాయి. ఎవరినో దువ్వాడ స్టేషన్నుంచి తీసుకురావాలి, దర్జీ దగ్గర జాకెట్లు తేవాలి, సింహాచలం వెళ్లే చుట్టాలకు తోడు కావాలి. "నేను వెళ్తాను" అనండి. ముహూర్తం అక్షయ తృతీయ చుట్టుపక్కల పడితే మాత్రం కొండవైపు పని ఒప్పుకోకండి. ఆ రోజు చందనోత్సవం, సింహాచలం అప్పన్న నిజరూప దర్శనం ఏడాదికి ఆ ఒక్కరోజే. గోపాలపట్నం, అడివివరం దారులు జనంతో నిండిపోతాయి.

ఇక క్వార్టర్ చూడటం. వెళ్లాలనే ఉంటుంది, వెళ్లండి, ఒంటరిగా వద్దు. టౌన్‌షిప్‌లో ఇంకా ఉంటున్నవాళ్లు పెళ్లికి వస్తారు, వాళ్లతో కలిసి గురువారం సాయంత్రం వెళ్లండి. మీ ఇంట్లో ఇప్పుడు వేరే కుటుంబం ఉండొచ్చు, తాళం వేసి ఉండొచ్చు. బయటే నిలబడి చూడండి. ఎవరైనా బయటికొచ్చి పలకరిస్తే చెప్పండి, లోపలికి రమ్మంటే వెళ్లండి, మీరుగా అడగొద్దు. నేను ఒకసారి అడిగాను. ఆవిడ మంచావిడే, వంట మధ్యలో లోపలికి తీసుకెళ్లింది. అమ్మ దేవుడి పటాలు పెట్టిన గూట్లో మందుల పెట్టె ఉంది. వాళ్లు ఏ తప్పూ చేయలేదు, అది వాళ్లిల్లు. నాకు మాత్రం ఆ తర్వాత అమ్మ గూడు తలుచుకుంటే ఆ మందుల పెట్టే కనిపిస్తోంది. మీకలా కాకూడదనే చెబుతున్నాను.

చెట్ల విషయంలో మనసు సిద్ధం చేసుకోండి. మీరు 2013లో వెళ్లిపోయారు. 2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుఫాను వచ్చింది. మీకు గుర్తున్న ఊరు దానికి ముందుది. నేను 2015లో వెళ్లినప్పుడు దారి పొడుగునా మొండేలు, వాటి పక్కనుంచి లేత చిగుళ్లు. ఏ మలుపు ఎక్కడో చెట్లనుబట్టి గుర్తుపట్టేదాన్ని, ఆ గుర్తులు పోయాయి. ఇప్పుడు పచ్చదనం మళ్లీ వచ్చింది. చెట్లు వేరు, నీడ పడే చోట్లు వేరు. ఎన్‌ఏడీ జంక్షన్లో వంతెనలు వచ్చాయి, అక్కడా కాసేపు దిక్కు తెలియదు. కళ్లకు తెలియకపోయినా చెవులకు తెలుస్తుంది. ఆటో అబ్బాయి "ఏటి మేడం, ఎటెల్లాల?" అంటే చాలు.

కూర్మన్నపాలెం కూడలి దగ్గర కాసేపు ఆగండి. ప్లాంటులో పెట్టుబడులు ఉపసంహరించాలని 2021 జనవరిలో కేంద్రం నిర్ణయించాక దీక్షా శిబిరం వెలిసింది అక్కడే. పెళ్లిలో మగవాళ్లు నలుగురు కుర్చీలు దగ్గరికి లాక్కుంటే మాట దాని మీదికే పోతుంది. జీతాలు, వీఆర్‌ఎస్, కాంట్రాక్టు కార్మికుల తొలగింపులు. "ఇంకా నడుస్తోందా?" అని అడగొద్దు దయచేసి. మనం వెళ్లిపోయినవాళ్లం. ఆ పొగగొట్టాల కింద ఇంకా వాళ్ల అన్నం ఉడుకుతోంది. కూర్చుని వినండి.

సముద్రం చూడాలంటే ఆర్కే బీచ్ కంటే అప్పికొండ వెళ్లండి. మన పిల్లలకు సముద్రమంటే అదే కదా, కార్తీకమాసంలో సోమేశ్వరస్వామి గుడి, పులిహోర పొట్లాలు, ఇసుక. నీళ్లలోకి మాత్రం దిగొద్దు, అక్కడ అలలు లాగేస్తాయి. పెళ్లికి వచ్చిన పిల్లలు మారాం చేస్తే ఆర్కే బీచ్ తీసుకెళ్లి కుర్సురా జలాంతర్గామి చూపించండి. దాని ఎదురుగా 2017లో పెట్టిన టీయూ-142 విమానం మీరూ చూసి ఉండరు. ఆ తర్వాత మురీ మిక్చర్ కొనిపెడితే వాళ్లు సాయంత్రమంతా మీవాళ్లే.

ఏమివ్వాలి అన్నదానికి పొడుగు జవాబు లేదు. చదివింపుల బల్ల దగ్గర 1,116 చదివించండి, ఇంకా ఇవ్వగలిగితే 2,116. పేరుతోపాటు నాన్నగారి పేరు, ఇంటిపేరు, సెక్టారు రాయించండి. ఆ పుస్తకం దాచుకుంటారు, రేపు మీ ఇంట్లో శుభకార్యానికి అది చూసే వస్తారు. స్నేహితురాలికి విడిగా ఏమైనా ఇవ్వాలనుంటే గురువారం రాత్రి ఆమె చేతిలో పెట్టండి. మండపం మీద ఇచ్చినవన్నీ ఒక కుప్పలో పోతాయి, ఏది ఎవరిచ్చారో నెల తర్వాతగాని తెలియదు. నేనైతే పాత ఫొటోలిస్తాను. మీ అమ్మగారి దగ్గర స్కూలు రోజుల ఆల్బం ఉంటే అందులో ఆమె ఉన్నవన్నీ ప్రింట్లు తీయించి పట్టుకెళ్లండి. వాళ్లింట్లో కెమెరా ఉండేది కాదని నా అనుమానం. మా స్నేహితురాలింట్లో ఉండేది కాదు. దాని చిన్ననాటి ఫొటోలన్నీ మా ఇంటి ఆల్బంలోనే ఉన్నాయి. అవి చూసి వాళ్ల నాన్న చాలాసేపు మాట్లాడలేదు.

పెళ్లి రాత్రి గురించి ఒక్కటే చెబుతాను. భోజనాలయ్యాక పది గంటలకే సగం మంది వెళ్లిపోతారు. మీరు వెళ్లకండి. పెళ్లికూతురు గౌరీపూజకు కూర్చునే ముందు జడ వేసేటప్పుడు ఒక గంట గదిలో ఉంటుంది, ఆ గంట ఆమె పక్కనే ఉండండి. మాట్లాడించనక్కర్లేదు. విసనకర్ర పట్టుకోండి. మే, జూన్‌లో ఆ ఉక్కపోతకు పట్టుచీర ఒంటికి అతుక్కుపోతుంది, అక్కడి చెమట మీకు తెలియనిది కాదు. మీకూ ఒక నూలు చీర సంచీలో ఉంచుకోండి. జీలకర్ర బెల్లం పెట్టాక ఫొటోలు దిగి జనం లేస్తారు. మీరు తలంబ్రాలకు ఉండండి, అరుంధతిని చూపించేటప్పుడు వాళ్ల వెనకే బయటికి రండి. అప్పటికి నాలుగవుతుంది, వంటవాళ్లు టీ పెడతారు. స్టీలు గ్లాసులో ఆ టీ తాగుతూ పెళ్లికూతురు, మీరు, ఇంకో ఇద్దరు పాత స్నేహితులు ఒక్క ఐదు నిమిషాలు నిలబడగలిగితే, మీరు సోమవారం దాకా ఉండి వెతుక్కుందామనుకున్నది ఆ ఐదు నిమిషాల్లోనే దొరుకుతుంది.

అప్పగింతలయ్యాక వాళ్లమ్మ దగ్గర మధ్యాహ్నం దాకా ఉండండి. ఆ పూట ఆ ఇంట్లో కూతురు వయసు అమ్మాయి ఒకరు తిరుగుతుంటే ఆవిడ నాలుగు ముద్దలు తింటుంది. సాయంత్రం గదికి వెళ్లి సామాను సర్దుకోండి. రైలు అర్ధరాత్రి దాటాక అయితే టికెట్ ఆదివారం తేదీతో ఉండాలి, చూసుకోండి.

ఈ రాత్రికి చేయాల్సిన పని ఒకటుంది. స్నేహితురాలికి కాకుండా వాళ్లమ్మగారికి ఫోన్ చేయండి. బుధవారం వస్తున్నానని, ఏ పని మిగిలితే అది మీకు ఉంచమని చెప్పండి. ఆవిడ గొంతు పోల్చుకోలేక "ఎవులమ్మా?" అంటే, పేరు కంటే ముందు సెక్టారు నంబరు చెప్పండి.